అప్‌డేట్: మా గుర్రానికి క్రిబ్బింగ్ ఆపరేషన్ వద్దనుకున్నాం

మా 14 ఏళ్ల ఆడగుర్రం తొట్టి అంచును పళ్లతో పట్టి, మెడ బిగించి గాలి లాగుతోందని (ఈ అలవాటునే క్రిబ్బింగ్ అంటారు), ఆపరేషన్ చేయించాలా అని అడిగాను కదా. చేయించడం లేదు.

డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. ఈ ఆపరేషన్‌లో గొంతు కింద కొన్ని కండరాల ముక్కలు తీసేసి, మరో కండరానికి వెళ్లే నరాన్ని కత్తిరిస్తారు. వయసులో ఉన్న గుర్రానికి, అలవాటు కొత్తగా మొదలైనప్పుడు చేస్తే ఫలితం బాగుంటుందట. మా దానికి ఇది ఏళ్లనాటి అలవాటు. పైగా కండరం తీసినా లోపలి కోరిక పోదు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండ్లు కనిపించాయి. పాపం, ఎన్నాళ్లుగా బాధపడుతోందో! కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మందు మొదలుపెట్టాం. దాణా తగ్గించి, రోజంతా ఎండుగడ్డి అందేలా చూస్తున్నాం. ఎక్కువసేపు ఇంకో గుర్రంతో కలిపి బయటే వదులుతున్నాం.

రెండు నెలలైంది. అలవాటు పూర్తిగా మానలేదు, దాణా తిన్నాక ఇంకా చేస్తుంది. కానీ బాగా తగ్గింది, ఒళ్లు చేసింది. కడుపునొప్పి వస్తుందేమోనన్న టెన్షన్ మాత్రం ఉంది, క్రిబ్బింగ్ చేసే గుర్రాల్లో పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ కాబట్టి రాత్రిపూట కూడా వెళ్లి చూసొస్తున్నాను.