చీమల పుట్టలో పరాన్నం ఎవరిది?

గుంపులో పెద్దలకు ఒక సందేహం. పిల్లల కోసం చీమల పుట్టల్లో బతికే పురుగుల గురించి రాస్తూ ‘పరాన్నజీవి’ దగ్గర ఆగిపోయాను. పరుల అన్నం తిని బతికేది అనే కదా అర్థం? యూరప్‌లో లోమెకూసా అనే పెంకుపురుగు ఉంది. ఫార్మికా చీమల పుట్టలో దూరి, ఎదురైన చీమను మీసాలతో తట్టి, మూతి తాకుతుంది. చీమ దాన్ని తమదే అనుకుని కడుపులో దాచిన ద్రవం కక్కి నోటికి అందిస్తుంది. అచ్చమైన పరాన్నజీవి!

చిక్కంతా ఆ తర్వాతే. ఇలా పుట్టల్లో చేరిన కొన్ని పెంకుపురుగుల ఒంటి మీద లబుల్బేనియేలిస్ వర్గం శిలీంధ్రాలు మొలుస్తాయి. లబుల్బేన్ అనే ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడి పేరు మీద వచ్చిన పేరు అది. చాలావరకు ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. బూజులా దారాలు అల్లదు, నల్లటి పాదంతో పెంకుకు అతుక్కుని నిలబడుతుంది. పురుగూ పురుగూ రాసుకున్నప్పుడు అంటుకుంటుంది, చంపడం అరుదు. ఇది పురుగు అన్నం తినదు, పురుగు ఒంట్లోదే తింటుంది. మరి రెంటికీ ఒకటే మాటా?

— అన్నమంటే వరి అన్నమే కాదండీ. ‘అద్’ ధాతువు, తినేది ఏదైనా అన్నమే. పురుగుకైతే ‘పరుల అన్నం’, శిలీంధ్రానికైతే ‘పరులే అన్నం’. విగ్రహవాక్యం మార్చుకుంటే చాలు, మాట మార్చక్కర్లేదు.

— మామిడి కొమ్మ మీద మొలిచేదాన్ని మా ఊళ్లో బదనిక అంటాం. దీన్నీ అలాగే అంటే?

— బదనికకు పచ్చటి ఆకులుంటాయి, కొంత వంట అదే చేసుకుంటుంది. ఈ శిలీంధ్రానికి ఆ పొయ్యి కూడా లేదు. పోలిక వరకు బాగుంది, పేరుగా వద్దు.

— నా గొడవ ఇంకోటి. శిలీంధ్రం పట్టిన జీవిని పుస్తకాల్లో ‘ఆతిథేయి’ అంటున్నారు. ఆ పురుగు ఎవర్ని పిలిచి పీట వేసింది? అదే పిలవని పేరంటానికి వచ్చింది! సుమతీ శతకంలో ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు’ అని చదువుకున్నాం. ఇరవు అంటే ఉనికిపట్టు. పురుగుకు పుట్ట ఇరవు, శిలీంధ్రానికి పురుగు ఇరవు.

— ‘ఇరవు’ రాసేస్తున్నానండీ. పిల్లలకు ఆ పద్యం ఎలాగూ వచ్చు. ‘పరాన్నజీవి’ మాత్రం ప్రస్తుతానికి రెండు చోట్లా ఉంచుతాను.