సెల్లార్‌లో కుక్కపిల్ల, కంటికి దెబ్బ, ముట్టుకోనివ్వట్లేదు

తార్నాక_సెకండ్‌ఫ్లోర్:
రెండు నెలల వీధి కుక్కపిల్ల. ఎడమ కన్ను సగమే తెరుస్తోంది, నీళ్లు కారుతున్నాయి, నల్లగుడ్డు మీద తెల్లటి మబ్బులా ఉంది. కార్ల కింద దూరి గుర్రుమంటోంది. వాచ్‌మన్ పసుపు నీళ్లు కొట్టమంటున్నాడు. ఇంట్లో మనుషుల చుక్కల మందుంది, సీసా మీద సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ అని ఉంది. వేయొచ్చా? అసలు పట్టుకోవడం ఎలా?

గోరువెచ్చని_సెలైన్:
వేయకండి. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. నల్లగుడ్డు మీద గీరుకుని పుండైతే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు, లోతుకు దింపుతుంది, గుడ్డుకు చిల్లు కూడా పడొచ్చు. మోసమేంటంటే మొదట ఎరుపు తగ్గి బాగైపోయినట్టే కనిపిస్తుంది. ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ కలిసినవీ అంతే. పసుపు నీళ్లు, తేనె, చనుబాలు కూడా వద్దు.

పుండు ఉందో లేదో మామూలుగా చూస్తే తెలియకపోవచ్చు. డాక్టర్ ఫ్లోరెసిన్ అనే రంగు పట్టీ తాకించి నీలి లైటు వేస్తే దెబ్బ తగిలిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. చేయకపోతే అడిగి చేయించండి.

అందాకా నార్మల్ సెలైన్ (0.9 శాతం), సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి చాలు. సెలైన్ గోరువెచ్చగా చేసి ముక్కు వైపు మూల నుంచి బయటికి జారనివ్వండి, గుడ్డు మీద సూటిగా చిమ్మొద్దు. పుసులు ఎండి రెప్పలు అంటుకుంటే తడి గాజుగుడ్డ ఒకట్రెండు నిమిషాలు ఆనించండి. దూది వద్దు, పీచులు లోపల ఉండిపోతాయి. ముల్లు దిగి ఉంటే లాగొద్దు, కడగొద్దు. నొప్పికని పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ అసలే వద్దు.

టవల్_ఉందా:
పట్టుకునే సంగతి. అది కరవాలని గుర్రుమనట్లేదు, ఎడమ వైపు కనపడక బెదురుతోంది. అందుకే కుడి వైపు నుంచి, అదీ మాట్లాడుతూ వెళ్లండి. నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడకండి. ఉప్పూ మసాలా లేని ఉడికించిన చికెన్, ఎముకలు తీసేసి, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా వేయండి. పాలు పట్టొద్దు, విరేచనాలు పట్టుకుంటే అదో తలనొప్పి. నలుగురు చుట్టుముట్టి కర్రతో తోలితే మాత్రం ఇంకో కారు కిందికి పోతుంది.

దగ్గరికొచ్చాక వెనక నుంచి మందపాటి టవల్ కప్పి, మూతి బయటుండేలా చుట్టి ఎత్తండి. మెడకు తాడు కట్టొద్దు. మెడ బిగిస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, లోతైన పుండైతే పగలొచ్చు. గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో ఆటో ఎక్కించండి. మీకు నారాయణగూడ పశువుల ఆసుపత్రి దగ్గర, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. ఓపీ సమయం కనుక్కుని బయల్దేరండి.

పంటి గాటు పడితే పాలపళ్లే కదా అనుకోవద్దు. సబ్బుతో, ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) గానీ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి గానీ వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి.

తార్నాక_సెకండ్‌ఫ్లోర్:
చికెన్ తింటోంది. కానీ ముక్కు వైపు మూల నుంచి గులాబీ రంగు పొర సగం కన్ను మీదికొచ్చింది. గుడ్డు బయటికొస్తోందా?

గోరువెచ్చని_సెలైన్:
కాదండీ, అది మూడో రెప్ప. కుక్కలకు ఉంటుంది, నొప్పికి అలా అడ్డం వస్తుంది. గుడ్డే ముందుకు పొడుచుకొచ్చి రెప్పలు మూసుకోకపోతే అది వేరే కథ: లోపలికి నెట్టకుండా, సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పి ఆ గంటలోనే తీసుకెళ్లాలి.

టవల్_ఉందా:
మెడకు శంకు కాలర్ అడగండి, ముక్కు కొన దాటి ఉండాలి. పొట్టిదైతే పంజాతో గీరేస్తుంది. డాక్టర్ ఇచ్చిన చుక్కలు వేసేటప్పుడు తల వెనక నుంచి రండి, సీసా పట్టిన చేతిని నుదుటి మీద ఆనించండి, అది కదిలితే చెయ్యీ కదులుతుంది. మొన కంటికి తాకకూడదు. ఒక్క చుక్క చాలు, రెండోది బయటికే కారుతుంది. రెండు మందులుంటే మధ్య 5 నిమిషాల ఎడం, ఆయింట్‌మెంట్ చివర్లో. డాక్టర్ అట్రోపిన్ అనే కంటి మందు రాసిస్తే, వేశాక నోట్లోంచి నురగ కారొచ్చు, చేదుకి అంతే. కంటిపాప పెద్దదై ఉంటుంది కాబట్టి ఎండలో ఉంచకండి. పైపై పుండు వారంలోపు మానాలి, లేకపోతే మళ్లీ చూపించాల్సిందే. మబ్బు మాత్రం వెంటనే పోదు, కొన్నిసార్లు పువ్వులా మచ్చ మిగులుతుంది.