మార్లిన్ మన్రో ఇల్లు: కూల్చనివ్వకపోవడం అభిమానమా, మొండితనమా?

మ్యాట్నీ మూర్తి (చర్చ మొదలుపెట్టినవారు)

ఈ విషయం మీద మా ఇంట్లో రెండు రోజులుగా గొడవ నడుస్తోంది. ఇక్కడ పెడితే నా తరఫున నలుగురైనా మాట్లాడతారని ఆశ.

సంగతి తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. లాస్ ఏంజెలిస్‌లో బ్రెంట్‌వుడ్ అనే పేటలో, ఫిఫ్త్ హెలెనా డ్రైవ్ అనే సందులో 1929లో కట్టిన స్పానిష్ తరహా పెంకుటిల్లు ఒకటుంది. హాలీవుడ్ తార మార్లిన్ మన్రో 1962 మొదట్లో దాన్ని దాదాపు 75 వేల డాలర్లకు కొనుక్కుంది. అదే ఏడాది ఆగస్టులో ఆ ఇంట్లోనే, పడగ్గదిలో చనిపోయింది. వయసు 36. 2023లో పక్కింటివాళ్ళే ఆ ఇంటిని 83.5 లక్షల డాలర్లు పోసి కొన్నారు, పడగొట్టి తమ స్థలంలో కలుపుకోవాలని. సెప్టెంబరులో కూల్చడానికి పర్మిషన్ కూడా వచ్చింది. వార్త బయటపడేసరికి ఎక్కడెక్కడి అభిమానులో ఫోన్లు, ఈమెయిళ్ళతో హోరెత్తించారు. సిటీ కౌన్సిల్ వెంటనే అడ్డుపడింది. 2024 జూన్‌లో 12-0 ఓట్లతో చారిత్రక కట్టడమని ప్రకటించింది. ఓనర్లు కోర్టుకెక్కారు. 2025లో కోర్టు కూడా నగరం పక్షానే నిలిచింది.

నేనూ ఆవిడ అభిమానినే. అయినా ఇది నాకు మింగుడుపడటం లేదు. ఆవిడ ఆ ఇంట్లో ఉన్నది మహా అయితే ఆరు నెలలు. తర్వాత ఓనర్లు ఎందరో మారారు, లోపల గోడలూ గదులూ మారాయి. రోడ్డు మీంచి చూస్తే ఇల్లు కనబడదు, ప్రహరీ కనబడుతుంది. మ్యూజియం కాదు, లోపలికి వెళ్ళనివ్వరు. ఎవరూ చూడలేని ఇంటిని ఎవరి కోసం కాపాడినట్టు? సొంత డబ్బుతో కొనుక్కున్నవాడి చేతులు కట్టేసి దానికి అభిమానం అని పేరు పెట్టడమేంటి?

మా ఆవిడ జవాబు: "మీ అమ్మగారి ట్రంకుపెట్టె తాళం పోయి ఇరవయ్యేళ్ళయింది, లోపల ఏముందో మీకే తెలీదు. పాతసామాన్లవాడికి వేద్దామంటే ఒప్పుకున్నారా?"

సీతమ్మధార సుధ

అక్కయ్యగారికి నా ఓటు.

మూర్తిగారూ, ఆరు నెలలని లెక్క కట్టారు. దానికి ముందు 35 ఏళ్ళు కూడా లెక్కలో వేయండి. తల్లికి మానసిక జబ్బు, తండ్రి లేడు. పసితనం నుంచీ ఒకరింట్లో కొన్నాళ్ళు, ఇంకొకరింట్లో కొన్నాళ్ళు. 1935లో తొమ్మిదేళ్ళ పిల్లని అనాథాశ్రమంలో చేర్చారు. పదహారు నిండగానే పెళ్ళి చేసేశారు, లేకపోతే మళ్ళీ ఆశ్రమానికే పోవాలని. అలాంటి మనిషి మూడు పెళ్ళిళ్ళు, మూడు విడాకులు అయ్యాక, ఎవరి తోడూ లేకుండా తన సంపాదనతో తన పేరున కొనుక్కున్న ఇల్లు అది. దానికి కావలసిన సామాను కోసం మెక్సికో దాకా వెళ్ళింది. సగం సర్దిన ఇంట్లో చనిపోయింది.

ఇంకొకటి. ఈ తీర్మానం నడిపించిన కౌన్సిల్ సభ్యురాలు ట్రేసీ పార్క్ చెప్పిన లెక్క ప్రకారం, ఆ నగరంలో ఆడవాళ్ళ చరిత్రతో సంబంధమున్న చారిత్రక కట్టడాలు మూడు శాతం కూడా లేవు. సినిమా ఊళ్ళోనే అలా ఉంటే ఎలా?

గుమ్మం దగ్గర పలకల మీద లాటిన్‌లో "కుర్సుమ్ పెర్ఫీచియో" అని ఉంటుంది. నా ప్రయాణం ముగిసింది అనే అర్థం. ఆ గుమ్మం మీద బుల్డోజర్ ఎక్కించమంటారా?

గాంధీనగరం గిరి

రెండు చిన్న సవరణలు, వాదన కోసం కాదు.

ఒకటి, "ఆమె సొంతమైన ఒకే ఒక్క ఇల్లు" అని అందరూ రాస్తున్నారు. మూడో భర్త, నాటక రచయిత ఆర్థర్ మిల్లర్‌తో కాపురం చేసినప్పుడు కనెక్టికట్‌లోని రాక్స్‌బరీలో ఇద్దరికీ ఫామ్‌హౌస్ ఉండేది. "ఒంటరిగా కొన్న ఒకే ఇల్లు" అన్న సుధగారి మాటే కరెక్టు. రెండు, ఆ లాటిన్ పలకలు ఆమె కొనకముందు నుంచీ ఉన్నవే. ఆవిడే రాయించుకున్నట్టు, చావు ముందే తెలిసినట్టు వాట్సాప్‌లో తిరిగే కథనాలు నమ్మకండి.

నల్లకోటు

వృత్తిరీత్యా నాకు ఇలాంటి కేసులంటే సరదా. మూర్తిగారు "చేతులు కట్టేశారు" అన్నారు. అంత లేదు. లాస్ ఏంజెలిస్ చట్టంలో చారిత్రక కట్టడం అని ప్రకటిస్తే మార్పులు చేసే ముందు నగర వారసత్వ కమిషన్‌కు చూపించాలి. కూల్చడానికి దరఖాస్తు పెడితే వాళ్ళు 180 రోజులు ఆపగలరు, కౌన్సిల్ తలుచుకుంటే ఇంకో 180 రోజులు. పర్యావరణ సమీక్ష కూడా దాటాలి. ఓనరుకు ఊరటగా మిల్స్ యాక్ట్ కింద ఒప్పందం చేసుకుంటే ఆస్తిపన్ను తగ్గుతుంది. 83 లక్షల డాలర్లు పెట్టినవాడికి అది ఏ మూలకి వస్తుందన్నది వేరే సంగతి.

మన వైపు దీనికి దగ్గరి కేసు పోయెస్ గార్డెన్. మన ఎన్టీఆర్, ఏఎన్నార్‌ల సరసన వేసిన జయలలిత ఇల్లు, వేద నిలయం. 2020లో తమిళనాడు ప్రభుత్వం స్మారకం చేస్తామని స్వాధీనం చేసుకుని, పరిహారం 67.9 కోట్లు కోర్టులో కట్టింది. 2021 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ స్వాధీనం చెల్లదని కొట్టేసి, ఇల్లు వారసులకు ఇప్పించింది. అక్కడ ప్రభుత్వం డబ్బిచ్చి తీసుకోబోయి ఓడిపోయింది. లాస్ ఏంజెలిస్‌లో పైసా ఇవ్వకుండా, ఇల్లు తీసుకోకుండా గెలిచింది. న్యాయం సంగతి మీరే ఆలోచించుకోండి.

అసలు తమాషా ఇంకోటుంది. మన్రో పోయాక ఆమె ఆస్తి చూసుకున్నవాళ్ళు కాలిఫోర్నియా పన్ను తప్పించుకోవడానికి ఏం వాదించారో తెలుసా? ఆమె చనిపోయేనాటికి న్యూయార్క్ నివాసి, లాస్ ఏంజెలిస్‌లో తాత్కాలికంగా ఉందంతే అని. నాలుగు దశాబ్దాల తర్వాత ఆమె పేరు, బొమ్మ మీద హక్కులు కావలసివచ్చాయి. చనిపోయినవాళ్ళ బొమ్మ మీద వారసులకు హక్కు ఇచ్చే చట్టం కాలిఫోర్నియాలో ఉంది, అప్పట్లో న్యూయార్క్‌లో లేదు. అప్పుడు ప్లేటు తిప్పేసి, అబ్బే, ఆమె కాలిఫోర్నియా మనిషే అన్నారు. 2012లో ఫెడరల్ అప్పీలు కోర్టు, నిన్న ఒక మాట ఇవాళ ఒక మాట కుదరదు పొమ్మంది. అంటే కాగితాల ప్రకారం సుధగారు కన్నీళ్ళు పెట్టుకుంటున్న ఆ ఇల్లు, ఆవిడ కాపురం ఉన్న ఇల్లే కాదు!

సీతమ్మధార సుధ

నల్లకోటుగారూ, అందుకే మనుషుల్ని కాగితాల వాళ్ళకి వదిలేయకూడదంటాను. నేను కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు కూడా.

టొరెన్స్ లక్ష్మి

అక్కడికి కారులో వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి చెప్పనివ్వండి.

హైదరాబాదు నుంచి మా పిన్ని వచ్చినప్పుడు ఆవిడ పోరు పడలేక తీసుకెళ్ళాను. సందు చాలా ఇరుకు, రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. చివర్లో గోడ, మూసిన గేటు, పైన చెట్లు. అంతే. మేము నిలబడ్డ పది నిమిషాల్లో టూర్ వ్యాన్ ఒకటి వచ్చింది. డ్రైవరు మైకులో ఆమె చావు గురించి ఏదో జోకు వేశాడు, వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. మా పిన్ని మొహం తిప్పేసుకుంది. ఆ సందులో ఉండేవాళ్ళ మీద నాకు నిజంగా జాలేసింది. టూర్ బస్సులను కట్టడి చేసే ఆలోచన కూడా నగరం మొదలుపెట్టింది, మంచిదే.

అక్కణ్ణుంచి వెస్ట్‌వుడ్ శ్మశానానికి వెళ్ళాం. విల్షైర్ బులవార్డ్ మీద ఆకాశహర్మ్యాల వెనక దాక్కున్నట్టు ఉంటుంది, వెతుక్కోవాలి. ఆమెది నేలలో సమాధి కాదు. గోడలో సొరుగుల్లా వరసగా గూళ్ళు, వాటిలో ఒకటి. చిన్న కంచు పలక మీద పేరు, 1926, 1962. ఇంకో మాట లేదు. పక్క గూళ్ళ రాళ్ళన్నీ లేత రంగులో ఉంటే ఇదొక్కటే గులాబీ రంగుకు తిరిగింది. జనం పెట్టిన ముద్దుల లిప్‌స్టిక్! తుడిచీ తుడిచీ రాయి రంగు పట్టేసింది. మా పిన్ని చేతిలో బొట్టుబిళ్ళల పాకెట్ ఉంది, ఒకటి తీసి అంటించబోయి నా వైపు చూసి ఆగిపోయింది.

ఆమె రెండో భర్త, బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో ఇరవై ఏళ్ళ పాటు వారానికి ఇన్నిసార్లని ఎర్ర గులాబీలు పంపించింది అక్కడికే. ఆయన మానేసిన 1982లోనే "మార్లిన్ రిమెంబర్డ్" అనే అభిమాన సంఘం మొదలై, ఏటా ఆగస్టులో అక్కడ సంస్మరణ సభ పెడుతోంది. ఇంటి గేటు దగ్గర నాకు ఏమీ అనిపించలేదు. ఇక్కడ అనిపించింది.

మ్యాట్నీ మూర్తి

లక్ష్మిగారూ, నా వాదన మీరే చెప్పారు. ఆవిడ అక్కడ ఉంది, ఇంట్లో కాదు.

గాంధీనగరం గిరి

ఆ శ్మశానంలో కూడా ఆమెకు ప్రశాంతత ఉందా అని! పక్క గూడు ఎవరిదో లక్ష్మిగారు చెప్పలేదు. ప్లేబాయ్ పత్రిక పెట్టిన హ్యూ హెఫ్నర్‌ది. 1949లో డబ్బుల్లేక 50 డాలర్లకు దిగిన క్యాలెండర్ ఫోటోని, ఆమెను అడక్కుండా 1953లో తన మొదటి సంచికలో వేసుకున్న మనిషి. 1992లో 75 వేల డాలర్లకు ఆ గూడు కొనిపెట్టుకుని 2017లో అందులోకి చేరాడు. ఆమె ఇల్లు కొన్న ధర ఎంతో, ఆమె పక్కన చోటు ధర అంత. నన్నడిగితే అభిమానులు అడ్డుపడాల్సింది దానికి.

రీరిలీజ్ రాజు

బాబాయిలూ, పిన్నులూ, మీరు ఇటుకల దగ్గరే ఆగిపోయారు. 2024లో ఏఐతో డిజిటల్ మార్లిన్‌ని చేశారు, మనతో కబుర్లు చెప్పేలా. కొత్త జనరేషన్‌కి చేరాలంటే అదే దారి. మన దగ్గర పాత సినిమా 4కేలో వేస్తే థియేటర్లో కాగితాలు ఎగరట్లేదా? ఇల్లు ఉంటే ఎంత, పోతే ఎంత.

సీతమ్మధార సుధ

రాజూ, 4కేలో వేసేది ఆవిడ నటించిన సినిమా. కబుర్లు చెప్పే బొమ్మ చెప్పేవి ఆవిడ మాటలు కావు నాన్నా. బాలుగారి గొంతును ఏఐతో చేసి 2023లో ఒక తెలుగు సినిమాలో వాడితే, మమ్మల్ని అడగలేదని కుటుంబం లీగల్ నోటీసు పంపింది. మార్లిన్‌కి అలా అడిగేవాళ్ళు కూడా లేరు, హక్కులు బ్రాండ్ల కంపెనీ చేతిలో ఉన్నాయి. డిజిటల్ బొమ్మ వాళ్ళ అనుమతితో వచ్చిందే.

గాంధీనగరం గిరి

ఆమె ఆస్తి ఎవరెవరి చేతుల్లోకి ఎలా పోయిందో కూడా చెప్పుకోవాలి. తన బట్టలు, సామాన్లు నటనా గురువు లీ స్ట్రాస్‌బర్గ్‌కి ఇస్తూ, వాటిని "నా స్నేహితులకు, తోటివాళ్ళకు, నేను ప్రాణం పెట్టుకున్నవాళ్ళకు" పంచమన్నది తన కోరికని వీలునామాలో రాసింది. ఆయన పంచలేదు. ఆయన పోయాక అన్నీ ఆయన రెండో పెళ్ళాం పోయిన తర్వాత చేసుకున్న భార్యకు వెళ్ళాయి, ఆవిడకు మన్రోతో చెప్పుకోదగ్గ పరిచయం లేదు. 1999లో న్యూయార్క్‌లో వేలం వేస్తే కోటి ముప్ఫై లక్షల డాలర్లు దాటింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి పుట్టినరోజు పాట పాడినప్పటి గౌను ఒక్కటే పన్నెండు లక్షలు దాటింది. 2016లో అదే గౌను 48 లక్షలకు రిప్లీస్ అనే మ్యూజియంల కంపెనీ వాళ్ళు కొన్నారు, 2022లో న్యూయార్క్ ఫ్యాషన్ వేడుక మెట్ గాలాలో టీవీ తార కిమ్ కర్దాషియన్ తొడుక్కుంది. కుట్ల దగ్గర గుడ్డ సాగిపోయిందని ముందూ వెనకా ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది ఆమె వస్తువులు సేకరించే అభిమానులే. డ్యామేజీ ఏమీ జరగలేదని రిప్లీస్ అంది.

మూర్తిగారూ, ఆ ఫోటోలు పెట్టినవాళ్ళూ, ఇంటి కోసం ఈమెయిళ్ళు కొట్టినవాళ్ళూ దాదాపు ఒకే బ్యాచ్. ఒకటి గొప్ప, ఒకటి మొండితనం అని విడదీయడం నాకు చేతకావడం లేదు.

కోడంబాకం కామేశ్వర్రావు

ఆలస్యంగా చూశాను. నాది వాదన కాదు, ఒక ముచ్చట.

మాది వడపళని. చిన్నప్పుడు వాహినీ స్టూడియో గేటు బయట ఎండలో గంటలు గంటలు నిలబడేవాళ్ళం, ఏ కారు అద్దంలోంచి ఎవరు కనబడతారా అని. 'మాయాబజార్' తీసింది ఆ గేటు లోపల. ఆ నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. మాల్ పేరులో విజయ అని మిగిల్చారు. ఆమధ్య మనవణ్ణి తీసుకెళ్ళి, పార్కింగ్‌లో నిలబెట్టి, ఇక్కడేరా ఘటోత్కచుడు పుట్టింది అన్నాను. వాడు అటూ ఇటూ చూసి "ఎక్కడ తాతా?" అన్నాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫోన్‌లో పాట పెట్టి చూపించాను.

గోడైనా, మూసిన గేటైనా ఫరవాలేదండీ. వేలు పెట్టి చూపించడానికి ఒకటి ఉండాలి.

మ్యాట్నీ మూర్తి

కామేశ్వర్రావుగారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ వాహినీ వందల సినిమాలు తీసిన చోటు. దాన్నీ, ఒక మనిషి ఆరు నెలలు పడుకున్న ఇంటినీ ఒకే గాటన కట్టలేను. ఇల్లు వేరే చోటికి తరలించి జనానికి చూపించే దారి కూడా పరిశీలనకు వచ్చిందట. అదైతే నేనూ చందా వేస్తాను. 2026 జూన్ 1కి ఆమె పుట్టి నూరేళ్ళు, ఆ వంకన అయినా అలాంటిది జరగాల్సింది.

లక్ష్మిగారూ, ఈసారి అటు వెళ్తే ఆ లాటిన్ పలకల ఫోటో ఒకటి తీసి పెట్టండి. మా ఆవిడ చూస్తానంటోంది.

టొరెన్స్ లక్ష్మి

ఎలా కుదురుతుందండీ? పలకలు గుమ్మం దగ్గర, గుమ్మం గోడకు లోపల. గేటు దాటితే పోలీసుల్ని పిలుస్తారు.

మ్యాట్నీ మూర్తి

మొదటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదా.

సీతమ్మధార సుధ

ఉన్నాయి కదండీ లోపల.