సిగ్నల్ దగ్గర ఆగిపోతున్న పాత పెట్రోల్ కారు: ఐడిలింగ్ తేడా ఎక్కడ వెతకాలి?

అడిగినవారు (విజయవాడ)
అందరికీ నమస్కారం. నాన్నగారి కారు 2004 మోడల్. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండి. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలలుగా ఐడిలింగ్, అంటే ఆక్సిలేటర్ తొక్కనప్పుడు ఇంజన్ నడిచే వేగం, నిలవడం లేదు. పొద్దున్న స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక శబ్దం లేస్తూ పడుతూ ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది. ఏసీ వేసి బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగానంటే వణికి ఆగిపోతుంది. ఇక వెనకవాళ్ల హారన్లు, నా టెన్షన్! షెడ్డులో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. పది రోజులు బాగుంది, మళ్లీ మొదలు. ఇప్పుడేమో ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయింది, మార్చాలి అంటున్నారు. అమ్మేద్దామంటే నాన్న ఒప్పుకోరు. ఏం చేయమంటారు?

ఖమ్మం నుంచి, షెడ్డు నడిపిన అనుభవం ఉన్నవారు
పేరు చెప్పకపోయినా 796 సీసీ అన్నాక ఎలాంటి బండో అర్థమైంది తమ్ముడూ. ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అది నిజంగా పోయిన బళ్లు నా చేతికి వచ్చినవి చాలా తక్కువ.

మీకు కాలవల ఊరే కాబట్టి అలాగే చెప్తాను. ఆక్సిలేటర్ మీద నుంచి కాలు తీస్తే థ్రాటిల్ అనే పెద్ద గేటు మూసుకుంటుంది. అప్పుడు ఇంజన్‌కి గాలి పక్కనున్న చిన్న తూములోంచి వెళ్తుంది. ఆ తూము తలుపే ఐఏసీ వాల్వు. ఎంత తెరవాలో ఈసీఎం చెబుతుంది. ఏసీ వేస్తే ఇంజన్ మీద బరువు పడుతుంది, కాబట్టి ఇంకాస్త తెరుస్తుంది. తూములో పూడిక, అంటే మసి పడితే గాలి చాలక బండి ఆగిపోతుంది. గట్టుకి గండి పడితే, అంటే వాక్యూమ్ పైపు ఎక్కడో పగిలితే, లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది.

మీ బండి ఊగుతోందంటే నా అనుమానం గండి మీదే. ఈ ఇంజన్లో గాలి దారిలో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లోపల ఒత్తిడి పెరగ్గానే ఆ గాలికి సరిపడా పెట్రోల్ కూడా పడుతుంది, ఆర్పీఎం లేస్తుంది. కాలు తీసే ఉంది, వేగం ఎక్కువుంది అని చూసి ఈసీఎం పెట్రోల్ కట్ చేస్తుంది. పడిపోగానే మళ్లీ ఇస్తుంది. ఊగడం అంటే ఇదే. చల్లగా ఉన్నప్పుడు ఎలాగూ వేగం ఎక్కువే కావాలి కాబట్టి పొద్దున్న తేడా తెలియదు.

ఒక్క మాట అడుగుతా. షెడ్డులో థ్రాటిల్ దగ్గర స్క్రూ ఏమైనా తిప్పారా?

అడిగినవారు
అవునండీ. మొదటిసారి వెళ్లినప్పుడే తిప్పి, ఐడిలింగ్ పెంచాను అన్నాడు.

ఖమ్మం నుంచి
అనుకున్నా. ఆ పది రోజుల బాగు ప్లగ్గుల వల్ల కాదు, స్క్రూ వల్ల. కార్బురేటర్ బండికి చేసే పని ఇంజెక్షన్ బండికి చేశారు. స్క్రూ బిగించినప్పుడు గేటు పూర్తిగా మూసుకోదు. కాలు తీశారని ఈసీఎంకి తెలియకపోతే తూమును ముట్టుకోదు. అప్పుడు ఏసీ బరువు పడ్డా సర్దుకోదు, బండి ఆగిపోతుంది. అంటే పాత జబ్బు అలాగే ఉంది, దాని మీద కొత్తది చేరింది.

రాత్రి వీధి సద్దుమణిగాక న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తండి. ఫ్యాన్, బెల్టు దగ్గరికి చేతులు, చున్నీలు, వదులు చొక్కాలు రానివ్వొద్దు. ముందు 'స్స్' అనే శబ్దం ఎక్కడైనా ఉందేమో వినండి. ఇంట్లో మొక్కలకు కొట్టే స్ప్రేలో నీళ్లు పోసి, పైపుల మీద, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్ అంచు వెంట సన్నగా కొట్టండి. కరెంటు కనెక్టర్ల మీద వద్దు. ఒకచోట కొట్టగానే శబ్దం మారితే అదే చోటు. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఇంజన్ మీద అది మండుతుంది, మీరు చేయకండి.

బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు పైపును కూడా గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా నొక్కి చూడండి. ఊగడం తగ్గితే లీకు అటువైపే. ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ పైపును మాత్రం ఇంజన్ ఆపి, చల్లారాక వేళ్లతో పిసకండి. ఆయిల్ ఆవిరికి అది మెత్తబడి కిందివైపు చీలుతుంది, పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి మరొకరు
అన్న చెప్పింది కరెక్ట్. థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, ఉందో లేదో కూడా అడగండి. ఎండాకాలం హీటెక్కుతుందని మన షెడ్లలో దాన్ని పీకి పారేస్తారు. అప్పుడు ఇంజన్ చల్లగానే ఉందనుకుని ఈసీఎం పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఇంకోటి, స్కాన్ చేద్దామని ఆన్‌లైన్లో చవక బ్లూటూత్ ఓబీడీ ముక్క (ఈసీఎంలోని లోపాలు చదివేది) కొనకండి. మన దగ్గర ఓబీడీ నిబంధన 2010లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో వచ్చింది. మీ బండితో అది మాట్లాడుతుందన్న గ్యారంటీ లేదు.

రాజమండ్రి నుంచి
నాది 1996 కార్బురేటర్ బండి. ఇవేవీ నాకు వర్తించవా? అందరూ ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లే అంటున్నారు.

ఖమ్మం నుంచి
గాలి లీకులు మీకూ వర్తిస్తాయి సార్, ఈసీఎం కథ మాత్రం లేదు. మీరు ఐడిల్ జెట్‌లో (ఐడిలింగ్‌కి పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం) చెత్త, ఫ్యూయల్ కట్ సోలెనాయిడ్ (పెట్రోల్ ఆపే కరెంటు వాల్వు) చూపించండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే సోలెనాయిడ్ 'టిక్' మనాలి. ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, కార్బురేటర్‌లో గాలి-పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది, అది నిజమే. అలాగని ఇరవై ఏళ్లు వేడికి ఎండిన పైపు పగిలినా పెట్రోల్ బంకునే తిట్టడం ఏం న్యాయం?

అడిగినవారు (ఐదు రోజుల తర్వాత)
దొరికిందండీ! పీసీవీ పైపే. కిందివైపు వేలెడంత చీలిక. వేరే మెకానిక్ దగ్గర పైపు మార్పించి, థ్రాటిల్ బాడీ, ఐఏసీ వాల్వు కడిగించి, స్క్రూ పాత చోటికి తెప్పించాను. పైపు ఖరీదు రెండొందల లోపే. నిన్న ఏసీతో బెంజ్ సర్కిల్ దగ్గర మూడు సిగ్నళ్లు పడ్డా ఆగలేదు. ఇప్పుడు ఊగడం లేదు కానీ, ఏసీ వేస్తే స్టీరింగ్ కొంచెం వణుకుతోంది. ఇది మామూలేనా?

ఖమ్మం నుంచి
మూడు సిలిండర్ల బండికి కాస్త వణుకు ఉంటుంది. ఎక్కువ అనిపిస్తే ఇంజన్ ఆపి, ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి, స్టార్ట్ చేసి చూడండి. మూడింటికీ శబ్దం ఒకేలా పడిపోతే సిలిండర్లన్నీ పనిచేస్తున్నట్టే. ఒకటి పీకినా ఏ మార్పూ లేదంటే అది మిస్ కొడుతోంది. అంతా సరిగ్గా ఉండి కూడా వణికితే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూపించండి. నాన్నగారు ఎప్పుడైనా మార్పించారేమో ముందు అడగండి.

అడిగినవారు
అడిగా. "కొన్నప్పటి నుంచి అవే" అన్నారు, గర్వంగా.