శాంతి పాఠంలో పిల్లల ప్రశ్నలకు ఏమి చెప్పాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. ఏటా సెప్టెంబరు 21న అంతర్జాతీయ శాంతి దినోత్సవాన్ని ప్రతిజ్ఞతో, పావురాల బొమ్మలతో, వ్యాసరచన పోటీతో జరుపుతాము. మరునాడు చూస్తే గోడమీద బొమ్మలు తప్ప ఏమీ మిగలవు. ఈసారి ఐక్యరాజ్యసమితి పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, యుద్ధాలను ఆపడానికే 1945లో ఆ సంస్థను స్థాపించారని పుస్తకంలో ఉంది కదా, మరి వార్తల్లో రోజూ యుద్ధాలే ఎందుకు కనిపిస్తున్నాయని అడిగాడు. దేశాలు మాట వినడం లేదని చెప్పి అప్పటికి దాటవేశాను గాని, ఆ జవాబు నాకే రుచించలేదు. శాంతిని నీతిబోధగా కాక, ఆలోచించి అర్థం చేసుకోవలసిన విషయంగా ఎలా బోధించవచ్చో అనుభవమున్నవారు చెప్పగలరని మనవి.

సమాధానం 1: పౌరశాస్త్ర ఉపాధ్యాయుడు

మేడమ్ గారూ, ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. యుద్ధం, శాంతి విషయాలపై నిర్ణయాలు తీసుకునే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలోని 15 సభ్యదేశాలలో చైనా, ఫ్రాన్స్, రష్యా, బ్రిటన్, అమెరికాలకు వీటో ఉంది. మిగిలిన 14 దేశాలూ ఒప్పుకున్నా, ఈ ఐదింటిలో ఒక్కటి కాదంటే కీలక తీర్మానం వీగిపోతుంది. నేను 15 మంది పిల్లలను కూర్చోబెట్టి, ఐదుగురి చేతికి ఎర్ర కార్డులిచ్చి ఒక తీర్మానంపై ఓటు వేయించాను. పది నిమిషాల్లోనే ఇదేమి న్యాయమని మిగతా పదిమందీ నిలదీశారు. అయితే అక్కడ ఆపితే ఆ సంస్థే దండగ అనుకుంటారు. అందుకే ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితిలో అమెరికా చేరనేలేదనీ, జపాన్, జర్మనీ 1933లో వైదొలగడానికి నిర్ణయించుకున్నాయనీ చెప్పి, పెద్ద దేశాలు బయట ఉండిపోతే ఏమవుతుందో వారినే ఆలోచించమన్నాను.

సమాధానం 2: చరిత్ర అధ్యాపకురాలు

యుద్ధాలు ఎలా మొదలయ్యాయో మన పాఠాలు పేజీలకు పేజీలు చెబుతాయి, రాకుండా తప్పిపోయిన యుద్ధం గురించి మాత్రం రెండు వాక్యాలతో సరిపెడతాయి. నేను తొమ్మిదో తరగతిలో, అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లిన 1962 అక్టోబరునాటి క్యూబా క్షిపణి సంక్షోభానికి నాలుగు పీరియడ్లు కేటాయిస్తాను. తరగతిని రెండు పక్షాలుగా విడదీసి, తమకు ఏమి కావాలో, దేనిని వదులుకోగలరో, ఎదుటివారి భయమేమిటో ముందుగా కాగితంమీద రాయమంటాను. మూడో ప్రశ్నకే వారు ఎక్కువసేపు తడబడతారు. తరువాత అసలు జరిగినది చెబుతాను: సోవియట్ యూనియన్ క్యూబానుంచి క్షిపణులను తొలగించింది, క్యూబాపై దండెత్తబోమని అమెరికా మాట ఇచ్చింది, టర్కీలోని తన క్షిపణులను తీసివేయడానికి రహస్యంగా ఒప్పుకుంది. రహస్యమెందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఎదుటివాడి పరువు దక్కే దారి చూపకపోతే రాజీ కుదరదన్న సంగతి ఆ ప్రశ్న దగ్గరే వారికి పట్టుబడుతుంది. (ఇంట్లో తమ్ముడితో తగవులో కూడా ఈ ఉపాయం పనిచేసిందని ఒక అమ్మాయి చెప్పింది, అది నా పాఠ్యప్రణాళికలో లేదు!)

సమాధానం 3: ప్రధానోపాధ్యాయుడు

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. ఇటువంటి అభ్యాసాలు చాలాసార్లు గెలుపోటముల ఆటగా మారిపోతాయి. తరగతిలో ఎవరి తండ్రో సైన్యంలో ఉండవచ్చు, ఎవరి కుటుంబమో యుద్ధం వల్ల ఊరు విడిచి వచ్చి ఉండవచ్చు. అటువంటి బిడ్డను శత్రుపక్షంలో నిలబెట్టి మాట్లాడించడం క్రూరత్వమే. ఇప్పుడు జరుగుతున్న యుద్ధాన్ని ఎన్నడూ ఆటగా పెట్టకండి. దానికి బదులు, ఒకే సంఘటనను రెండు దేశాల పాఠ్యపుస్తకాలు ఎలా రాశాయో పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. 1870 మొదలు 1945 వరకు మూడుసార్లు పోరాడిన ఫ్రాన్స్, జర్మనీలలో 2006నాటికి ఉన్నత తరగతులకు ఉమ్మడి చరిత్ర పుస్తకమే వెలువడింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా ఆ విద్యార్థితో, ఆ రోజు నీ ప్రశ్నను దాటవేశానని తరగతి ఎదుటే ఒప్పుకుని, ఎర్ర కార్డులతో మొదలుపెడతాను. క్యూబా పాఠానికి నాలుగు పీరియడ్లు దొరకవు, రెండింటిలో ప్రయత్నిస్తాను. ఒక్క సందేహం మిగిలింది: ఎదుటిపక్షం భయాన్ని బాగా ఊహించి రాసిన పిల్లవాడికి మార్కులు ఏ ప్రాతిపదికన వేస్తున్నారు?