పెట్రోల్ గేజ్ ముల్లు లేవట్లేదు, ఫ్లోట్ పోయిందా?

ప్రశ్న: పాత అంబాసిడర్. ట్యాంకులో సగం పైనే పెట్రోల్ ఉన్నా ముల్లు ఖాళీ దగ్గరే ఉంటోంది. ఆటోనగర్‌లో ఫ్లోట్ యూనిట్ (ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ ఎంతుందో గేజ్‌కి చెప్పేది) మార్చేయమంటున్నారు. మార్చేముందు మల్టీమీటర్‌తో ఎలా తేల్చుకోవాలండి?

జవాబు: తొందరపడి మార్చకండి. ఇగ్నిషన్ ఆపి, యూనిట్ వైరు పీకేయండి. వైరు ఉండగా కొలిస్తే గేజ్ కూడా కలిసి రీడింగ్ తప్పొస్తుంది. మీటర్ 200 ఓమ్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ టెర్మినల్‌కి, రెండోది యూనిట్ అంచు రేకుకి ఆనించండి. రేంజ్ దాటిందని చూపిస్తే 2000లో చూడండి. అక్కడా అంతే అయితే లోపల తీగ తెగినట్టే.

ఇంకొకరు: ఎర్త్ మర్చిపోవద్దు. చాలా బళ్లలో అసలు దొంగ అదే. అంచు రేకు నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 1 ఓమ్ దాటితే తుప్పు గీకి, విడిగా ఎర్త్ వైరు వేయండి.

మొదటి జవాబుదారు: నిజమే. అదీ బాగుంటే బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆరుబయట యూనిట్ బయటికి తీయండి. ఫ్లోట్ చేతిని కింది నుంచి పైకి చాలా మెల్లగా జరపండి. ఓమ్స్ ఒకే వరసలో మారాలి. మధ్యలో ఎగిరితే అక్కడ లోపలి తీగచుట్ట అరిగింది. డిజిటల్ మీటర్ చిన్న తెగులు పట్టలేదు, ముల్లు మీటర్ నయం. ఫ్లోట్ ఊపితే లోపల పెట్రోల్ చప్పుడైతే చిల్లు పడింది. టంకం జోలికి పోకండి, లోపలి ఆవిరి అంటుకుంటుంది. కొత్తది వేయండి, గాస్కెట్ కూడా.