ఏలియన్ ఆర్టిఫాక్ట్‌ని తెలుగులో ఏమనాలి?

కథల సంచి:
సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. అంగారకుడి మీద ఓ పాత లావా సొరంగంలో తవ్వకాల బృందానికి నల్లటి వస్తువొకటి దొరుకుతుంది. మనుషులు చేసింది కాదు. వంద కోట్ల ఏళ్ళ నాటిది. అది పేలదు, కిరణాలు వదలదు, ఎవరి జోలికీ రాదు. కానీ దాని దగ్గర ఎక్కువసేపు గడిపినవాళ్ళు చిన్న చిన్న పనులు మర్చిపోతుంటారు. ఒకడు హెల్మెట్ సీలు సరిచూసుకోడు. ఇంకొకామె ఎయిర్‌లాక్ లోపలి తలుపు వెయ్యకుండానే బయటి తలుపు మీట మీద చెయ్యేస్తుంది.

ఇంగ్లిష్‌లో ఏలియన్ ఆర్టిఫాక్ట్ అంటే సరిపోతోంది. "గ్రహాంతరవాసుల ప్రాచీన కళాఖండం" అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మంచి మాట చెప్పండి. రెండో సమస్య: దాని మీద చెక్కిన హెచ్చరికని బృందం చివర్లో చదవగలుగుతుంది. "ముట్టుకోవద్దు" అని రాశాను. తేలిపోతోంది.

దారినపోయే దానయ్య:
ఆర్టిఫాక్ట్ అనే రాసెయ్యండి. రైలుకీ రేడియోకీ లేని బాధ దీనికెందుకు?

నిఘంటువు పురుగు:
దానయ్య గారి మాట కొట్టెయ్యలేం. బృందంలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఆర్టిఫాక్ట్ అనే అంటారు, అదే సహజం. చిక్కల్లా కథ చెప్పే గొంతుది.

కళాఖండం వద్దు. ఆ మాట ఎప్పుడో వెటకారంలోకి జారిపోయింది. పిల్లాడు గోడ మీద గీసిందీ, చెత్త సినిమా కూడా ఇప్పుడు కళాఖండాలే. పురావస్తువు మాత్రం చెడ్డ మాటేం కాదు. బృందంలో జాబితా రాసే మనిషి ఉంటే "పురావస్తువు, నల్లనిది, పొడవు ఇంత" అని రాసుకోవచ్చు. కాకపోతే ఆ మాటలో ఆఫీసు వాసన ఉంది.

నాకిష్టమైన మాట కృతకం. ఈ రోజుల్లో కృతకమైన నవ్వు, కృతకమైన శైలి అంటూ నకిలీకి దగ్గరగా వాడుతున్నాం గానీ, తర్కశాస్త్రంలో దాని అర్థం "చేయబడినది", అంతే. శబ్దం అనిత్యం, ఎందుకంటే అది కృతకం, కుండలాగా అని ఆ తర్కం చదివేవాళ్ళకి మొదట్లోనే ఎదురయ్యే ఉదాహరణ. చేయబడింది గనక నశించి తీరాలి. మరి మీ వస్తువు వంద కోట్ల ఏళ్ళయినా నశించలేదు. ఆ తర్కం తెలిసిన పాత్ర ఒకటి బృందంలో ఉంటే అక్కడ ఉలిక్కిపడుతుంది. అయితే ఈ ముచ్చట మామూలు పాఠకుడికి అందదు. కాబట్టి పట్టుబట్టను.

ఇక ప్రాచీనం. మనం ప్రాచీన సాహిత్యం, ప్రాచీన నాగరికత అంటాం, అంటే మనుషుల చరిత్ర లోపలి పాతదనం. మనుషులే పుట్టని కాలానికి అది నప్పదు. పురాతనం కొంచెం నయం. పురాణం అన్న మాటకి యాస్కుడు నిరుక్తంలో చెప్పిన వ్యుత్పత్తి "పురా నవం భవతి", ఒకప్పుడు కొత్తగా ఉండినది. ఆ నల్లటి వస్తువు కూడా ఎవరికో, ఎక్కడో, కొత్త సామానే కదా!

అన్నిటికన్నా మీకు పనికొచ్చేది ప్రమాదం. ఈ మాటకి సంస్కృతంలో అసలర్థం ఏమరుపాటు, పరాకు. "ప్రమాదో ధీమతామపి" అంటే బుద్ధిమంతులూ ఏమరుతారని. ఏమరుపాటు వల్ల జరిగే దాన్ని కూడా తెలుగులో ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టాం, పోనుపోను అపాయం అనే అర్థమే మిగిలింది. మీ వస్తువు చేసే పని మనుషుల్ని ఏమరిపించడం. అంటే అక్షరాలా ప్రమాదకరం. మీరు తెలిసి రాశారో తెలియక రాశారో గానీ, ఆ విశేషణం ఒక్కటి కథలో ఉంచండి, మిగతావి తీసేసినా ఫర్వాలేదు.

కథల సంచి:
తెలియకే రాశాను మాస్టారూ! ఇప్పుడు తెలిసే రాశానని చెప్పుకుంటాను.

పాఠాల పంతులు:
నేను సైన్స్ చెప్పేవాణ్ణి, భాష మీద నా మాటకి విలువ తక్కువే. ఏమరుపాటు అన్నారు గనక ఒక నిజం సంగతి. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో, ఖాళీ చేసేసిన ఒక రేడియోథెరపీ క్లినిక్ నుంచి ఇద్దరు మనుషులు ఓ యంత్రం భాగాన్ని ఎత్తుకెళ్ళి విప్పారు. పాత సామాన్లు కొనే వ్యాపారికి అమ్మారు. లోపల సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న పొడి. చీకట్లో నీలంగా వెలుగుతోంది. ఆయనకి అది అపురూపంగా తోచి చుట్టాల్నీ స్నేహితుల్నీ పిలిచి చూపించాడు, తలా కాస్త పంచాడు. కొందరు ఒంటికి రాసుకున్నారు. నలుగురు చనిపోయారు. లక్షా 12 వేల మందికి పైగా పరీక్షలు చేస్తే 249 మందికి ఆ పదార్థం అంటినట్టు తేలింది.

అది చేసింది మనుషులే, వయసు కొన్నేళ్ళే. అయినా విప్పినవాళ్ళకి అది మరో లోకపు వస్తువుతో సమానం. అందుకని మీ కథలో మొదటి మనిషి భయపడకూడదు, ముచ్చటపడాలి. "భయంకరమైన", "వింతైన" లాంటి మాటలు మొదటి రెండు పేజీల్లో కనిపించకుండా చూసుకోండి.

గ్రహాంతరం మీద కూడా ఒక మాట. దేశాంతరం అంటే మరో దేశం అయినట్టు గ్రహాంతరం అంటే మరో గ్రహం. మరి మీ వస్తువుకి అసలు గ్రహమే లేకపోతే? 2017లో హవాయిలోని టెలిస్కోపు కంటపడిన ఔమువమువా అనే శకలం సౌరకుటుంబం బయటినుంచి వచ్చిందని కక్ష్యని బట్టే తేల్చారు. అది సహజమైన శకలమేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం, అది వేరే సంగతి. అలా వచ్చినదైతే నక్షత్రాంతరం అనాలి. పలకడానికి బరువే, కానీ తప్పు లేదు.

నిఘంటువు పురుగు:
నిజమే. కానీ గ్రహం వదులుకోవాలంటే నాకు మనసొప్పదు. గ్రహం అంటే పట్టుకునేది. గ్రహణం, గ్రహించడం, గ్రహం పట్టినట్టు తిరగడం, అన్నిటికీ అదే ధాతువు. మనుషుల్ని పట్టుకునే వస్తువు గురించిన కథలో ఆ మాటని వదిలేస్తారా?

రోలూ రోకలీ:
ఇంతమంది ఇన్ని చెప్పారు, ముసలం, అదే రోకలి, ఎవరికీ గుర్తురాలేదా? మహాభారతంలో మౌసల పర్వమంతా ఈ కథే. ద్వారకకి వచ్చిన మునుల్ని ఆటపట్టించబోయి యాదవ కుర్రాళ్ళు సాంబుడికి గర్భిణి వేషం వేస్తారు. శాపం తగిలి ఇనప రోకలి పుడుతుంది. దాన్ని పొడి చేయించి సముద్రంలో కలిపించేస్తారు. వదిలిందా? ఒడ్డున తుంగగా మొలిచి, తాగి కొట్టుకున్న యాదవుల చేతుల్లో ఆయుధమైంది. మిగిలిన ముక్కని చేప మింగిందనీ, అది జరుడనే వేటగాడి బాణానికి మొన అయిందనీ భాగవతం చెబుతుంది. పారేసినా పోని వస్తువు, పొడి చేసినా చావని వస్తువు. ఇంతకంటే ప్రమాదకరమైన పురావస్తువు ఏ భాషలో ఉంది చెప్పండి? కథ పేరే "ముసలం" అని పెట్టెయ్యండి.

ప్రూఫులు దిద్దేవాణ్ణి:
రోకలి గారూ, మాట బ్రహ్మాండం. పేరుగా పెడితే మాత్రం కథ చచ్చిపోతుంది. ముసలం అన్న క్షణంలో పాఠకుడికి ముగింపు తెలిసిపోయింది: బృందం వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చస్తారు, వస్తువు మిగులుతుంది. ఇంకేం చదువుతాడు?

నేనైతే దాన్ని దాచి వాడతాను. ఇవాళ ముసలం అంటే ఎవరికీ రోకలి గుర్తురాదు. పార్టీలో ముసలం, కుటుంబంలో ముసలం అని పత్రికలు రాసి రాసి అది లోలోపలి తగువుకి మారుపేరైంది. కాబట్టి కథ మధ్యలో, ఆక్సిజన్ డ్యూటీ ఎవరిదన్న దాని మీద ఇద్దరు అరుచుకుంటుంటే, మూడోవాడు విసుక్కుని "మనలో ముసలం పుట్టింది" అనాలి. వాడు అన్నది అరిగిపోయిన అర్థంలో. తెలిసిన పాఠకుడికి అసలు కథ తడుతుంది. తెలియనివాడికి మామూలు మాటగానే వెళ్ళిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ "మహాభారతంలో లాగా" అని వివరణ ఇచ్చారో, మొత్తం పోయినట్టే.

ఇక వస్తువు పేరు. కథ చెప్పే గొంతుకి "వస్తువు" చాలు. ఇంకా మాట్లాడితే "అది" చాలు. మీరంతా నామవాచకాల కోసం నిఘంటువులు తిరగేస్తున్నారు గానీ, తెలుగులో భయం సర్వనామంలోనూ క్రియలోనూ ఉంది.

చూడండి. "చీకట్లో కదిలింది." ఏం కదిలింది? రాయి కావచ్చు, పిల్లి కావచ్చు, ఆడమనిషి కావచ్చు. ఏకవచనంలో తెలుగు క్రియ ఆడవాళ్ళకీ వస్తువులకీ ఒకటే. కర్త ఎవరో చెప్పకుండా పేజీలకి పేజీలు నడపొచ్చు. ఆ వస్తువుకి ప్రాణం ఉందో లేదో మీరు తేల్చక్కర్లేదు, పాఠకుడు అడగనూ అడగడు.

బహువచనంలోకి రాగానే ఆ వెసులుబాటు పోతుంది. అక్కడ ఆడా మగా ఒకవైపు, మిగతావన్నీ మరోవైపు. కదిలాయి అనాలా, కదిలారు అనాలా? తేల్చుకోక తప్పదు. అంకెలు కూడా మారిపోతాయి. మీ వస్తువుని స్కాన్ చేస్తే లోపల బోలుగా గదులున్నాయనుకోండి, ఆ గదుల్లో ఏవో ఆకారాలు. లాగ్‌బుక్‌లో మొదటి రోజు:

"లోపల ఏడు ఉన్నాయి."

రెండు రాత్రులు దాని పక్కనే కాపలా కాసిన మనిషి, అదే దస్తూరీతో, కిందే రాస్తాడు:

"లోపల ఏడుగురు ఉన్నారు."

అంతే. కొత్తగా ఏమీ జరగలేదు. వర్ణన లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ఇక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. "అతనికి అవి ప్రాణులని అర్థమైంది" లాంటి వాక్యం పొరపాటున కూడా కలపకండి.

అంకె ఏడు దాటనివ్వద్దు. ఏడుగురు తర్వాత వాడుకలో ఎనిమిది మంది, తొమ్మిది మంది అంటాం, అక్కడ మందిని తగిలించడంతో మార్పు కాస్త మెత్తబడుతుంది. ఇద్దరు, ముగ్గురు, ఏడుగురు అన్నప్పుడున్న దెబ్బ వేరు.

రోలూ రోకలీ:
పేరు సంగతి ఒప్పుకున్నా. కానీ లోపలున్నవి మనుషులు కావుగా? గ్రహాంతర ప్రాణులకి "గురు" ఎలా వేస్తారు?

ప్రూఫులు దిద్దేవాణ్ణి:
రాక్షసులు మనుషులా? అయినా రాక్షసులు వచ్చారు అంటాం. దేవుళ్ళూ వచ్చారే. దయ్యాలు మాత్రం వచ్చాయి. తమాషా ఏమిటంటే, దయ్యం ఒకప్పుడు మనిషే. చచ్చి అవతలికి వెళ్ళగానే భాష దాన్ని వస్తువుల్లో కలిపేసింది. ఎదురు నిలబడి మాట్లాడగలిగే వాళ్ళని, లెక్కలోకి తీసుకోవలసిన వాళ్ళని మనం "వాళ్ళు" అంటున్నాం కాబోలు. ఆ కాపలా మనిషి "ఏడుగురు" అని రాశాడంటే వాళ్ళతో అప్పటికే ఏదో మాట నడిచిందన్నమాట. అది కథలో చెప్పక్కర్లేదు.

పాఠాల పంతులు:
ఇది బాగుంది. నేను ఏమరుపాటుని హెల్మెట్ దగ్గరే వెతుకుతున్నా. లాగ్‌బుక్ రాసేవాడు వ్యాకరణంలో ఏమరిస్తే ఎవరు పట్టుకుంటారు!

కథల సంచి:
ఇప్పుడే లాగ్‌బుక్ పేజీ తిరగరాశాను. ఏడు, ఏడుగురు. కథ పేరు "ఏడుగురు" అని పెట్టాలనిపించింది గానీ ప్రూఫుల గారు తిడతారని ఆగాను. హెచ్చరిక సంగతి కూడా తేల్చి పుణ్యం కట్టుకోండి.

ప్రూఫులు దిద్దేవాణ్ణి:
పేరుగా పెట్టరు కదా అని నేనే అడగబోతున్నా.

హెచ్చరికకి వస్తే, "ముట్టుకోవద్దు" అన్నది ఇంట్లో పిల్లలతో అనే మాట. ఆ చనువే దాన్ని తేల్చేస్తోంది. "ముట్టుకోకు" అంటే చెక్కినవాడు మనల్ని నువ్వు అన్నట్టు. "ముట్టుకోకండి" అంటే మరీ మర్యాద, వంద కోట్ల ఏళ్ళ కిందటే మనకి గౌరవవాచకం వాడారా అని నవ్వొస్తుంది. మనిషిని పిలవకుండా చెప్పాలంటే "తాకరాదు". ఎవరు ఎవరితో అంటున్నారో అందులో లేదు.

పాఠాల పంతులు:
అసలు ఆజ్ఞే ఉండకపోతే? అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో, ఉప్పు పొరల్లో 650 మీటర్ల లోతున అణు వ్యర్థాలు పాతిపెడుతున్నారు. 10,000 ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు తవ్వకుండా ఆపడం ఎలాగని సాండియా ప్రయోగశాల కొందరు నిపుణుల చేత ఆలోచింపజేసి 1993లో నివేదిక వేసింది. అందులో పేరుపడ్డ భాగం "తవ్వకండి" అని బతిమాలదు. ఇది గౌరవించే చోటు కాదనీ, ఇక్కడ విలువైనదేదీ లేదనీ ఊరికే చెబుతుంది. వద్దంటే లంకెబిందెలు ఉన్నాయనుకుంటారని వాళ్ళకి తెలుసు. "తాకరాదు" అని చదివితే మీ బృందంలో అందరికన్నా ముందు చెయ్యి పెట్టేది మీ నాయకుడే.

నిఘంటువు పురుగు:
రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరవనేల!

ప్రూఫులు దిద్దేవాణ్ణి:
పంతులు గారన్నది సబబు. అయితే దాన్ని కూడా చిన్న వాక్యంగా రాయండి, "ఇక్కడ మీకు పనికొచ్చేదేమీ లేదు" లాంటిది. కాదు, ఆ "మీకు" కూడా తీసేయండి. "ఇక్కడ పనికొచ్చేదేమీ లేదు." అనువాదం చేసే పాత్ర "ఏమీ" అని రాసి, కొట్టేసి, "ఎవరూ" అని దిద్దాలా అని ఆలోచిస్తున్నట్టు రాయొచ్చు. "ఇక్కడ పనికొచ్చేవాళ్ళెవరూ లేరు." లాగ్‌బుక్ పేజీ ముందు వస్తుందా తర్వాత వస్తుందా అన్నది మీ కథ, మీరే చూసుకోవాలి.

కథల సంచి:
లాగ్‌బుక్ తర్వాతే. రేపటికి మొత్తం తిరగరాసి ఇక్కడే పెడతాను. దానయ్య గారూ, బృందం వాళ్ళు ఆర్టిఫాక్ట్ అనే అంటారు, మీ మాట నిలబెట్టాను.

దారినపోయే దానయ్య:
నేను దారినపోతున్నానంతే.